అరవై మూడు శాతం దగ్గర ఆగిన గాలిపెట్టె

దిగిన 61వ రోజు

లాగ్ రాయమన్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే రికార్డు గొంతు చెప్పింది: "ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో రోజూ రాసి పెట్టండి, మా నిపుణులు పరిశీలిస్తారు." సరే, రాస్తాను. ఆ నిపుణులకు ఓపికుంటే మొత్తం చదువుకుంటారు. సగం సగం చెప్పడం నాకు చేతకాదు.

పేరు సారక్క. వయసు నలభై ఒకటి. పని, గాలి వడపోత గుడ్డలు కుట్టడం. ఇల్లు పాత బొగ్గుబాయిలో మూడో లెవెల్, ఎడమ గ్యాలరీ, తొమ్మిదో నంబరు. పైన ఎండ యాభై దాటిన రోజున అందరితోపాటు దిగాం. తొలకరి పడ్డాక ఎక్కుతాం.

ఇంట్లో ముగ్గురం. నేను, నా చెల్లెలు స్వరూప, దాని బిడ్డ. బిడ్డకు ఇవాళ్టికి పదకొండు రోజులు. ఎనిమిదో నెల నిండకుండానే తొందరపడి వచ్చేసింది. బరువు కిలో ఎనిమిది వందలు. ఇంకా పేరు పెట్టలేదు. మరిది పైన సోలార్ పొలాల్లో నెల డ్యూటీలో ఉన్నాడు. నెల నిండితేగాని వాళ్ళను కిందికి పంపరు.

ఇక సమస్య. గోడ మీద హబ్ ఉంటుంది, మేం గాలిపెట్టె అంటాం. ఇంటికి గాలి, చల్లదనం, దీపాలు, రెండు తలుపులు అన్నీ దాని చేతిలోనే. పొద్దున ఆరింటికి అది తనంతట తనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టింది. నన్ను అడగలేదు. పసిబిడ్డలున్న ఇళ్ళకు అందరికంటే ముందు పంపుతారట, అంతా మా మంచికేనట. పావుగంటకు అరవై మూడు శాతం దగ్గర ఆగింది. కాసేపటికి సున్నాకు పోయింది. మళ్ళీ అరవై మూడు దాకా వచ్చింది, మళ్ళీ సున్నా. ఇది రాసేసరికి తొమ్మిదిసార్లయింది.

అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ ఫ్యాన్ తిరగదు. గోడకు చేతి చక్రం ఉంది. అది తిప్పితే పెద్ద గొట్టంలోంచి ఇంట్లోకి గాలి వస్తుంది. నిమిషానికి నలభై చుట్లు. పొద్దుటినుంచి నేనే తిప్పుతున్నాను. స్వరూప బిడ్డను రొమ్ముకు ఆనించుకుని పడుకుని ఉంది, దాన్ని లేవనివ్వను. బాలింతకు చక్రం అప్పగించేంత గతిలేనిదాన్ని కాను.

62వ రోజు

బటన్ ఇరవై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోమన్నారు. నలభై దాకా పట్టుకున్నాను. వైరు పీకి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. గాలిపెట్టె నిమ్మకు నీరెత్తినట్టు అరవై మూడు చూపిస్తూ కూర్చుంది. దాని మొహాన ఎర్ర దీపం, ఒక సంఖ్య తప్ప ఏమీ లేదు. తిడితే అర్థమవుతుందేమోనని అది కూడా చేశాను.

మధ్యాహ్నానికి నా కుడిభుజం పనిచేయడం మానేసింది. ఎడమచేత్తో తిప్పుతుంటే తలుపు తీసుకుని ఎనిమిదో ఇంటి సమ్మయ్య పెద్దబాపు వచ్చాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. బొగ్గు తవ్విన రోజుల్లో సర్దార్‌గా చేశాడు, అంటే ఒక జట్టు ప్రాణాలు ఆయన పూచీ. ఒక్కడే ఉంటాడు.

"చక్రం దమ్ము తప్పుతున్నది. గోడవతల్నుంచి ఇనబడుతాంది. జరుగు," అన్నాడు.

"నిన్ను నేను పిలవలే పెద్దబాపూ."

"పిలిస్తెనే వస్తె నేను సుట్టాన్ని. జరుగు బిడ్డా."

జరిగాను. ఆయన తిప్పుతుంటే చక్రం ఒకే తీరుగా తిరిగింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమటని చెప్పి తుడుచుకున్నాను. ఒకరికి రుణపడడం నాకు చిన్నప్పటినుంచీ గిట్టదు. ఇది లాగ్‌లో అవసరమో లేదో తెలియదు.

సాయంత్రం ఆరోగ్య కార్యకర్త రజిత వచ్చి బిడ్డను తూచింది. ఇరవై గ్రాములు పెరిగింది. సంతోషపడేలోపే గాలిపెట్టె చూసింది.

"అక్కా, తక్కువ బరువు పిల్ల ఉన్న ఇంట్ల హబ్ పచ్చగ ఉండాలె. లేకుంటె నేను సంతకం పెట్టలేను. ఐదు రోజులు ఆగుత. అరవై ఏడో రోజు మధ్యాహ్నం వస్త. అప్పటికి కాకపోతె పిల్లను పైకి పంపాలె," అంది.

పైకి అంటే లిఫ్టులో మూడు లెవెళ్ళు, ఆ తర్వాత యాభై మూడు డిగ్రీల ఎండలో గంటన్నర బండి ప్రయాణం, ఆ తర్వాత పసిపిల్లల వార్డు. ఆ వార్డులోకి తల్లిని రానివ్వరు. బిడ్డ పాలు పట్టి తాగడం నేర్చుకుని రెండు రోజులైంది. అది కూడా తల్లి గుండె చప్పుడు వినబడుతుంటేనే తాగుతుంది.

"నేనియ్య," అంది స్వరూప. రజిత తన పుస్తకంలో తేదీ రాసుకుని వెళ్ళింది. ఆమెను తప్పుపట్టను. ఆమె పని ఆమె చేస్తోంది.

63వ రోజు

పొద్దున లేచేసరికి నా ఇంటి గోడ మీద సుద్దతో రాసి ఉంది. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, మూడో షిఫ్టు. ఒక్కో షిఫ్టుకు నలుగురి పేర్లు, గంటకొకరు మార్చుకోవాలి. పన్నెండు మందిలో నా పేరు లేదు.

"నా ఇంటి గోడ మీద నా పేరే లేదేంది?" అని పెద్దబాపును నిలదీశాను.

"నీకు రిజర్వు. ఎవలన్న రాకపోతె నువ్వు."

ఎవరూ రాకుండా ఉండలేదు. బాయి పని చేసినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు షిఫ్టు అంటే షిఫ్టే. ఐదు నిమిషాల ముందే వచ్చి నిలబడ్డారు. గ్యాలరీ వంటశాల నడిపే జరీనా రెండు చేతులా గిన్నెలతో వచ్చింది. ఒకదాంట్లో స్వరూపకు మెంతి గంజి, ఇంకోదాంట్లో నాకు జొన్నరొట్టె, పప్పు. గంటసేపు చక్రం తిప్పి, ఖాళీ గిన్నెలు చంకన పెట్టుకుని, పోతూ పోతూ బయటి తలుపు కింద చెక్క కాలితో సర్ది వెళ్ళింది.

"ఇంత తిండి ఎందుకే?" అన్నాను, ఆమె వెళ్ళేముందు.

"తినకుంట తిడితె గొంతు పోతది సారక్కా. నీ తిట్లు లేకుంటె మాకు పొద్దు వోదు," అంది.

తిన్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. గిన్నెలు కడిగి ఇస్తానంటే ఇవ్వలేదు మహాతల్లి.

64వ రోజు

ఇవాళ హెల్ప్‌లైన్‌లో మనిషి దొరికాడు. పేరు సత్తిబాబు. గోదావరి జిల్లాల మాట, ప్రతి మాటకూ అండీ తగిలిస్తాడు. మొదట నాకు ఒళ్ళు మండింది. నాలుగు రోజుల తర్వాత మనిషి గొంతు విన్నాను కదా, ఉన్న కోపమంతా అతని మీదే పోశాను. పూర్తయ్యేదాకా విన్నాడు.

"ఆయ్, మీరన్నది నిజవేనండి. పసిబిడ్డున్న ఇంటికి చెప్పకుండా పంపకూడదండి. నేను రాసి పైకి పంపుతానండి. ఇప్పుడు మటుకు చక్రం ఎవరు తిప్పుతున్నారండి?"

"మా గ్యాలరీ మొత్తం."

"మంచోళ్ళండి. ఆళ్ళను ఆపమనకండి. నేను నా వైపు నుంచి చూస్తానండి."

తన వైపు నుంచి ఏవో ఆదేశాలు పంపాడు. నాలుగుసార్లు అరవై మూడు, నాలుగుసార్లు సున్నా. పక్క బాయిల్లో ఇదే అప్‌డేట్ ఆరు వందల ఇళ్ళకు ఎక్కిందట, ఒక్కటీ ఆగలేదట. మా గ్యాలరీలో మా ఇల్లే మొదటిది, మా ఇంట్లోనే ఆగింది. పాత అప్‌డేట్‌కు వెనక్కి పోదామంటే మధ్యలో ఉన్నదాన్ని వెనక్కి తిప్పడం కుదరదట. కొత్త హబ్ పంపాలంటే పన్నెండు రోజులు. మాకున్నవి మూడు.

"రేపు నాకు సెలవండి. అయినా కూర్చుంటానండి," అన్నాడు. పొద్దున తిట్టినందుకు సిగ్గనిపించింది. ఆ మాట అతనికి చెప్పాను కూడా.

65వ రోజు

గోరుచుట్టు మీద రోకటిపోటు. మొదటి షిఫ్టు దిగి రెండో షిఫ్టు ఎక్కేటప్పుడు చక్రం అర నిమిషం ఆగింది, అంతే. స్వరూప "అక్కా" అని పిలిచింది. పెద్దగా కూడా పిలవలేదు. బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు.

రజిత నేర్పినట్టు స్వరూప అరికాలి మీద వేలితో టకటక కొట్టింది. ఒకటి. రెండు. మూడోసారికి బిడ్డ మొహం చిట్లించి ఏడ్చింది. ఆ ఏడుపు పిల్లికూన గొంతంత ఉంది. చక్రం దగ్గరున్నవాళ్ళు ఆపకుండా తిప్పుతూనే ఉన్నారు, ఎవరూ తల తిప్పలేదు.

నెలలు నిండని పిల్లలకు ఇలా అవుతుందనీ, చక్రం వల్లే అయిందని అనుకోవద్దనీ రజిత ఫోనులో చెప్పింది. అయినా పెద్దబాపు గోడ మీద ఇంకో వరుస రాశాడు. ఇకమీదట షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని పది చుట్లు కలిసి తిప్పి, ఆ తర్వాతే మొదటివాళ్ళు వదలాలి.

స్వరూప ఈ రోజంతా నాతో ఒక్క మాటే అంది. "పైకి పోతె బతకదక్కా." నాకూ అదే భయం. ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

సత్తిబాబు అన్నమాట ప్రకారం సెలవు రోజున కూర్చుని, నా గాలిపెట్టె లోపలి రాతలన్నీ తన దగ్గరికి దించుకున్నాడు. మూడు వేల వరసలట. చదువుతానన్నాడు.

66వ రోజు

పొద్దున పదింటికి అతనే ఫోన్ చేశాడు.

"ఏవండీ సారక్కగారు, మీ బయటి తలుపు పూర్తిగా పడుతుందాండి?"

"పడుతది. ఎందుకు పడదు?"

"పదకొండు మిల్లీమీటర్లు తెరిచుందని రాస్తందండి. ప్రతిసారీ అంతేనండి. ఈ కొత్తది ఏం చేస్తదంటే, అరవై మూడు కాడికొచ్చాక రెండు తలుపులూ మూసి, ఇంట్లో గాలి ఎక్కడన్నా కారుతుందేమో చూస్తదండి. కారితే మొదటికి పోద్దండి. కాస్త చూసి రండి."

వెళ్ళి చూశాను. బయటి తలుపు కింద చెక్క ఉంది. వేలు మందం టేకు ముక్క, మా కాళ్ళ కింద అరిగి నున్నగా ఉంది.

అక్కడే నేల మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. సత్తిబాబుకు తెలియదు గనక రాస్తున్నాను. మా గ్యాలరీలో ఎవరి ఇంట్లోంచి ఎవరు బయటికొచ్చినా బయటి తలుపు కింద చెక్క పెట్టి వెళ్తారు. రెండు తలుపులూ ఒకేసారి గట్టిగా పడకూడదు. నేర్పనక్కర్లేదు, నడక వచ్చిన పిల్లలకు ఇదీ వస్తుంది. నేనూ రోజుకు పదిసార్లు పెడతాను, పెడుతున్నట్టు నాకే తెలియదు. పాత ఫర్మ్‌వేర్ ఆ సందు సంగతి పట్టించుకోలేదు. ఈ నాలుగు రోజులూ షిఫ్టుకు నలుగురు చొప్పున వచ్చి, మా బిడ్డకు గాలి ఇచ్చి, పోతూ పోతూ భద్రంగా చెక్క పెట్టి వెళ్ళారు. సాయం చేయడానికి ఎంతమంది వస్తే అన్నిసార్లు అప్‌డేట్ పడిపోయింది.

"చెక్క తీసి నలభై నిమిషాలు రెండు తలుపులూ మూసుంచితే అయిపోద్దండి," అన్నాడు సత్తిబాబు. "ఆ నలభై నిమిషాలు చక్రం తిప్పకూడదండి, గొట్టం కూడా మూసుకుపోద్దండి. కంగారు పడకండి, నలుగురికి ఆ ఇంట్లో గాలి రెండు గంటలు సరిపోద్దండి, నేను లెక్కేశానండి. నలుగురికి మించి ఉండొద్దండి."

అతనికి అది చిన్న పని. గ్యాలరీకి చెప్పాను. అందరూ సమ్మయ్య పెద్దబాపు వైపు చూశారు.

"కాదు," అన్నాడాయన.

ఇరవై ఆరేళ్ళ కింద, మనుషులు ఇక్కడ కాపురం మొదలుపెట్టిన రెండో ఏడు, కరెంటు పోయి ఒక ఇంటి తలుపులు రెండూ బిగుసుకుపోయాయి. లోపల తొమ్మిది మంది. పెద్దబాపు భార్య నర్సవ్వ పేరంటానికని ఆ ఇంటికి వెళ్ళింది. చెక్క పెట్టడం ఆ తర్వాత మొదలైంది. ఇదంతా అందరికీ తెలుసు. తెలియనిది ఆయన ఇవాళ చెప్పాడు.

"నేను బయట ఉన్న. సమ్మెట పట్టుకోని బయట ఉన్న. లోపల్నుంచి గొట్టం మీద కొట్టిన్రు. గంటసేపు కొట్టిన్రు. కొట్టుడు ఆగినంక గూడ నేను తలుపు పగలగొట్టుకుంటనే ఉన్న," అన్నాడు.

ఇప్పటి తలుపులకు లోపల చేతి లీవరుంటుంది, కరెంటు లేకపోయినా తెరుచుకుంటుంది అన్నాను. ఆయన లోపలికి వచ్చి లీవరు లాగి చూశాడు. మూశాడు. మళ్ళీ లాగాడు. పదకొండుసార్లు. ఇంటికి పోయి నూనె తెచ్చి వేసి, ఇంకో మూడుసార్లు లాగాడు.

"పిల్లను పైకి పంపుడా, ఇదా," అని తనలో తనే అనుకున్నాడు. స్వరూప బిడ్డను చూపించింది. బిడ్డ నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. ఆయన చాలాసేపు చూశాడు.

"చెక్క నేనే తీస్త. గాని ఈసారి నేను లోపల ఉంట," అన్నాడు.

67వ రోజు

ఉదయం ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. ఎనిమిదింటి నుంచి చక్రం గట్టిగా తిప్పి ఇల్లు చల్లబరిచారు. తర్వాత అందరూ బయటికి పోయారు. లోపల స్వరూప, బిడ్డ, నేను, పెద్దబాపు. ఆయన వంగి చెక్క తీసి జేబులో వేసుకుని, చేయి లీవరు మీద పెట్టి తలుపు దగ్గర కూర్చున్నాడు. తలుపులు పడ్డాయి. ఇన్నేళ్ళలో మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేను వినలేదు. చక్రం లేదు, ఫ్యాన్ లేదు.

బయట జరీనా గొట్టం మీద ఐదు నిమిషాలకోసారి మూడు దెబ్బలు కొట్టాలని ఒప్పందం. పెద్దబాపు లోపల్నుంచి సుత్తితో మూడు కొట్టాలి. మొదటిసారి దెబ్బలు వినబడగానే ఆయన మొహంలో రక్తం లేకుండా పోయింది. చేయి లేవలేదు. నేను వెళ్ళి ఆయన చేతిలోని సుత్తిని నా చేత్తో కలిపి పట్టుకుని మూడు కొట్టాను. రెండోసారి ఆయనే కొట్టాడు.

వేడి ముప్పై మూడు, ముప్పై నాలుగు. నేను శాతాలు పైకి చదువుతున్నాను. అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడు. అక్కడ ఆగింది. పద్దెనిమిది నిమిషాలు ఆగింది. స్వరూప వేలు బిడ్డ అరికాలి దగ్గరే ఉంది. బిడ్డ ఊపిరి లెక్కపెడుతూ, లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెడుతోంది. నేను దేవుణ్ణి పెద్దగా అడిగే మనిషిని కాను. ఇవాళ అడిగాను.

"లాగాల్నా?" అన్నాడు పెద్దబాపు.

"పిల్ల ఎర్రగనే ఉంది. ఆగు పెద్దబాపూ," అంది స్వరూప.

అరవై నాలుగు. అప్పుడు పైకి చదవకుండా నాలుగు వేళ్ళు చూపించాను. ఆ తర్వాత ఆగలేదు. తొమ్మిదీ తొమ్మిదికి ఫ్యాన్ తిరిగింది. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వచ్చింది. పెద్దబాపు లీవరు లాగకుండానే తలుపులు తెరుచుకున్నాయి. బయట పదకొండు మంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ షిఫ్టు దిగి ఇంటికి పోలేదు.

మధ్యాహ్నం రజిత వచ్చి పచ్చ దీపం చూసి, బిడ్డను తూచి, సంతకం పెట్టింది. రెండు కిలోలకు అరవై గ్రాములు తక్కువ. "ఇక్కడనే ఉండనియ్యుండ్రి," అంది. స్వరూప ఆరు రోజుల తర్వాత లేచి నాలుగడుగులు నడిచింది.

సత్తిబాబుకు ఫోన్ చేశాను. చెక్క ఎందుకు పెడతామో కూడా చెప్పాను. అతను విని, పాత బాయి గ్యాలరీలన్నిటికీ పంపే సూచనల్లో 'తలుపు కింద చెక్క ఉందేమో ముందు చూడండి' అని ఒక వరస చేర్పిస్తానన్నాడు. "మీ నోట తిట్లు తిన్నాక ఊరికే వదులుతానాండి," అన్నాడు. నేను వచ్చే చలికాలం వాళ్ళ ఊరికి వచ్చి వాళ్ళ ఇంటి వడపోత గుడ్డలన్నీ కొత్తవి కుట్టి ఇస్తానని చెప్పాను. మాట తప్పను.

68వ రోజు

సమస్య తీరింది గనక లాగ్ ఆపేయవచ్చని మెసేజి వచ్చింది. ఒక్కటి రాసి ఆపుతాను.

పొద్దున పన్నెండు ఇళ్ళకూ వెళ్ళాను. చేతులు పట్టుకుని మీ మేలు మరిచిపోనని చెప్పాను. అంత మాట నా నోటినుంచి వినడం వాళ్ళకు కొత్త, జరీనా అయితే నా నుదురు పట్టి చూసి జ్వరం లేదు కదా అంది. చెప్పాక నాకు బరువు దిగింది. రుణపడడం ఇంత తేలికగా ఉంటుందని ఇన్నేళ్ళూ తెలియలేదు.

పన్నెండో ఇల్లు ఎనిమిదో నంబరు. పెద్దబాపు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నేను చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. ఆయన వెనక గోడ మీద గాలిపెట్టె కనబడింది. చాలా పాతది. దాని ఫ్యాన్ ఎప్పటినుంచో దగ్గుతూ తిరుగుతోంది.

"నాకు గూడ ఆ అప్‌డేట్ పెట్టుకొమ్మని ఆర్నెల్ల సంది కాయితాలు పంపుతున్నరు," అన్నాడు. "నేనే వద్దంటున్న. ఉన్నది నడుస్తున్నది గదా అనుకున్న. చెక్క తియ్యాలన్నది మొన్ననే ఎరుకైంది, తియ్యబుద్ధి గాదు. ఇప్పుడు ఫ్యానే ఆగేటట్టున్నది." నేల చూస్తూ అన్నాడు. "ఒక్కన్ని తలుపులేసుకోని కూసోలేను బిడ్డా."

డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, జట్లు నడిపిన మనిషి, నన్ను అడగడానికి ఎన్ని రోజులు గొంతు కూడగట్టుకున్నాడో. నేను ఆయన్ను పిలవలేదని ఆ రోజు అన్న మాటకు ఇవాళ నా మీద నాకే కోపం వచ్చింది.

"రేపు పొద్దున ఎనిమిదింటికి వస్త. స్వరూప దగ్గర జరీనా ఉంటది," అన్నాను.

"లీవరు కాడ?"

"నేను కూసుంట. నువ్వు మంచం మీద కూసో."

ఆయన తలూపాడు.

"సరే బిడ్డా," అన్నాడు. "తలుపులు పడకముందే చాయ్ పెడ్త. నలభై నిమిషాలంటే శానసేపు."